చలి చిమ్మే డబ్బా

ఆపరేషన్ బల్ల మీద రోగి మత్తులో ఉంటాడు. సర్జన్ చేతికి ఒక కణితి తగిలింది. అది క్యాన్సరా కాదా, క్యాన్సరే అయితే కోసిన అంచుల్లో ఇంకా మిగిలిందా అన్నది తేలితే తప్ప ఆయన ముందుకు వెళ్లలేడు. వేలిగోరంత ముక్కను చిన్న డబ్బీలో పెట్టి పాథాలజీ విభాగానికి పరుగున పంపిస్తారు. అక్కడ దాన్ని గడ్డకట్టించి, నాలుగైదు మైక్రాన్ల మందాన పొరలు కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద చూసి థియేటర్‌కు ఫోన్ చేయాలి. ఇంత పనికీ సాధారణంగా పెట్టుకునే గడువు 20 నిమిషాలు. ఈ పరీక్ష పేరు ఫ్రోజెన్ సెక్షన్. ఆసుపత్రి వాడుకలో ఒట్టి ‘ఫ్రోజెన్’ అంటే చాలు.

గడియారంతో పోటీపడే ఈ పనిలో కొన్ని నిమిషాలైనా మిగిలించడానికి చాలా ప్రయోగశాలల్లో ఒక ఏరోసాల్ డబ్బా ఉంటుంది. మీట నొక్కితే తెల్లని పొగలా చలి చిమ్ముతుంది. మెత్తని ముక్క పైభాగం కొన్ని సెకన్లలో రాయిలా బిగుసుకుంటుంది. చూడ్డానికి దోమల మందు డబ్బాకూ దీనికీ పెద్ద తేడా కనిపించదు. ఆ పోలికకు కారణం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గుడ్‌హ్యూ, సలివాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సైనికుల కోసం తయారుచేసిన పురుగుమందు డబ్బా నుంచే ఏరోసాల్ స్ప్రేల వంశమంతా విస్తరించింది.

ఫ్రోజెన్ చరిత్రలో తొందర మొదటి నుంచీ ఉంది. 1891లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో విలియం వెల్చ్ అనే పాథాలజిస్టు కార్బన్ డయాక్సైడుతో ముక్కను గడ్డకట్టించి, ఆపరేషన్ జరుగుతుండగానే ఫలితం చెప్పబోయాడు. ఆయన స్లైడు సిద్ధమయ్యేసరికి అవతల ఆపరేషనే అయిపోయింది. 1905లో మిన్నెసోటా రాష్ట్రంలోని మేయో క్లినిక్‌లో కథ మరోలా నడిచింది. రోగి ఇంకా బల్ల మీద ఉండగానే ఇది క్యాన్సరో కాదో చెప్పే దారి వెతకమని సర్జన్ విలియం మేయో అడిగాడు. అక్కడి పాథాలజిస్టు లూయీ విల్సన్‌కు కిటికీ అవతల ఉన్న జనవరి చలే ఫ్రిజ్ అయింది. ముక్కను బయట పెట్టి గడ్డకట్టించి, పలుచగా కోసి, మిథిలీన్ బ్లూ అద్ది చూశాడు. పద్ధతి నిలబడింది.

అన్ని ఊళ్లకూ మిన్నెసోటా చలి ఉండదు కదా. 1938లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో లిండర్‌స్ట్రోమ్-లాంగ్, మోగెన్‌సెన్ కలిసి కోత యంత్రాన్నే చల్లని గదిలో బిగించారు. ఈనాటి క్రయోస్టాట్‌కు అది తాత. ఇప్పటి క్రయోస్టాట్ పైన అద్దం తలుపున్న ఫ్రీజర్ లాంటిదే. లోపల మైనస్ 20 డిగ్రీల దగ్గర పదునైన బ్లేడు, దానికెదురుగా ముక్కను పట్టుకునే లోహపు చక్ ఉంటాయి.

ముక్కను జిగురులాంటి ద్రవంలో ముంచి చక్ మీద నిలబెట్టి క్రయోస్టాట్‌లో ఉంచితే దానంతట అదే గడ్డకడుతుంది. కాకపోతే నిమిషాలు పడుతుంది. పైగా అన్ని ముక్కలూ ఒక్కలా ఉండవు. మెదడు ముక్కకు మైనస్ 15 దగ్గర చలి సరిపోతుంది. కొవ్వు నిండిన రొమ్ము ముక్క మైనస్ 20లో కూడా మెత్తగానే ఉండి, బ్లేడుకు అంటుకుని నలిగిపోతుంది. థియేటర్ నుంచి రెండోసారి ఫోన్ వచ్చినప్పుడు టెక్నీషియన్ చెయ్యి డబ్బా మీదకు వెళ్లిందంటే అది నిర్లక్ష్యం కాదు. ఆ క్షణంలో చప్పున చేతికందే సాయం అది.

డబ్బాలో ఉన్నది చల్లని పదార్థమేమీ కాదు. గది వేడిమిలోనే, ఒత్తిడి కింద ద్రవంగా అణిగి ఉన్న వాయువు. ఇంజెక్షనుకు ముందు నర్సు రాసిన స్పిరిట్ ఆవిరైపోతూ చర్మం నుంచి వేడిని లాక్కుని చల్లగా తగిలినట్టే, మీట నొక్కగానే బయటపడిన ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని ముక్క నుంచి తీసుకుంటుంది. స్పిరిట్ నెమ్మదిగా చేసే పనిని ఇది ఒక్కసారిగా చేస్తుంది. చాలా డబ్బాల్లో వాడిన టెట్రాఫ్లోరోఈథేన్ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. అది సన్నని బిందువులుగా చిమ్మినప్పుడు తగిలినచోట వేడిమి అంతకంటే కూడా కిందికి, మైనస్ 50 దాపులకు దిగగలదు.

అసలు చిక్కు ఈ చిమ్మడంలోనే ఉంది.

మామూలు బయాప్సీ ముక్క పాథాలజిస్టు దగ్గరకు వచ్చేసరికి ఫార్మలిన్‌లో గంటల తరబడి నాని ఉంటుంది. అందులోని సూక్ష్మజీవుల్లో చాలా భాగం అప్పటికే చచ్చిపోతాయి. ఫ్రోజెన్ కోసం వచ్చేది పచ్చి ముక్క. రక్తం, క్రిములు, వైరస్‌లు శరీరంలో ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. గడ్డకట్టిస్తే అవి చస్తాయనుకోవడం కొత్తగా చేరిన వాళ్లు తరచూ పడే పొరపాటు. సూక్ష్మజీవశాస్త్రవేత్తలు తమ క్రిములను ఏళ్ల తరబడి బతికించి దాచుకునేది డీప్ ఫ్రీజర్లలోనే కదా! క్రయోస్టాట్ చలి క్షయ బాక్టీరియాను చంపదు, హెపటైటిస్ వైరస్‌నూ చంపదు. వాటిని భద్రంగా నిలవ ఉంచుతుంది.

అలాంటి పచ్చి ముక్క మీదికి ఒత్తిడితో వాయువు దూసుకొస్తే ఏమవుతుంది? పైనున్న తడి సన్నని తుంపరలుగా లేస్తుంది. అప్పటికే కోత మొదలై ఉంటే ఇంకా ఘోరం. బ్లేడు చుట్టూ, కింది పళ్లెంలో ఎండు తుక్కులా పోగుపడిన మంచు రజను కూడా ఎగురుతుంది. అది ఆ ముక్క రజనే కానక్కర్లేదు, పొద్దుటి నుంచీ కోసిన ముక్కలన్నింటి రజనూ అందులో ఉండవచ్చు. పెద్ద తుంపరలు దగ్గరలోనే పడిపోతాయి. అయిదు మైక్రాన్ల కంటే చిన్నవి నీరు ఆవిరైపోయాక గాలిలో గంటల కొద్దీ తేలుతూ, ఊపిరితో పాటు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్లగలవు. క్షయ బాక్టీరియా పొడవు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. ఆ తేలే కణంలో దానికి చోటు సరిగ్గా సరిపోతుంది. క్షయ వ్యాపించేది ప్రధానంగా ఈ దారిలోనే.

టెక్నీషియన్ తల ఎక్కడ ఉంటుందో కూడా గుర్తుంచుకోవాలి. పొర బ్లేడు మీద ముడతలు పడకుండా బ్రష్షుతో సర్దుతూ, తెరిచిన క్రయోస్టాట్ మీదికి వంగి ఉంటారు. స్ప్రే నుంచి మొహం దాకా జానెడు, మూరెడు దూరమే.

ఇది ఊహించుకున్న భయం కాదు. ఫ్రోజెన్ సెక్షన్లు తయారుచేస్తుండగా క్షయ సోకిన ఉదంతం 1981లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. ప్రయోగశాలల్లో సురక్షిత పద్ధతుల మీద అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2012 జనవరిలో వెలువరించిన మార్గదర్శకాలు ఈ విషయంలో మొహమాటపడలేదు. గడ్డకట్టించడం వల్ల క్రిములు నశించవనీ, ఒత్తిడితో చిమ్మే వాయువులను ఫ్రోజెన్ సెక్షన్లకు వాడరాదనీ, వాడితే సోకే స్వభావమున్న బిందువులు చిందుతాయనీ స్పష్టంగా రాశాయి. క్రయోస్టాట్ లోపలి భాగమంతా కలుషితమైనట్టే లెక్కగట్టి పనిచేయమన్నాయి.

మన దేశంలో ఈ మాటకు బరువు ఎక్కువ. ప్రపంచంలో ఏటా క్షయ బారినపడే వాళ్లలో దాదాపు నాలుగో వంతు భారతీయులే. ఇక్కడ మెడ దగ్గర ఉబ్బిన లింఫు గ్రంథి క్యాన్సర్ కావడానికి ఎంత అవకాశముందో, క్షయ కావడానికీ అంత అవకాశముంది. కొన్నిచోట్ల క్షయకే ఎక్కువ. ఇందులోని విడ్డూరం ఏమిటంటే, ముక్కలో క్షయ ఉందని తెలిసేది దాన్ని గడ్డకట్టించి, కోసి, మైక్రోస్కోపు కింద పెట్టాకే. అనుమానమున్న కేసుల్లో స్ప్రే వాడబోమన్న నియమం అందుకే అరకొర నియమం. తెలిసేసరికి చిమ్మడం అయిపోయి ఉంటుంది.

క్రిముల సంగతి ఇలా ఉంటే, డబ్బాలోని వాయువుకు వేరే కథ ఉంది. 1930లో అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో థామస్ మిడ్‌గ్లీ అనే ఇంజనీరు తాను కనిపెట్టిన కొత్త శీతల వాయువును అందరి ముందూ గుండెల నిండా పీల్చి, ఆ ఊపిరితోనే కొవ్వొత్తి ఆర్పేశాడు. విషం కాదు, మండదు అని ఒకే ఊపిరిలో రుజువు చేసే ప్రయత్నమది. ఫ్రిజ్‌లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడు లీకై మనుషులు చస్తున్న ఆ రోజుల్లో ఫ్రియాన్ అనే ఆ వాయువు వరంలాగే కనిపించింది. చాలా ఏరోసాల్ డబ్బాలు దాన్నే నింపుకున్నాయి.

విషం కాదన్న మాట నలభై ఏళ్లు నిలిచింది. 1970లో మిల్లార్డ్ బాస్ అనే వైద్యుడు అమెరికాలో కిక్కు కోసం ఏరోసాల్ వాయువులు, ద్రావకాలు పీల్చి ఉన్నట్టుండి కూలిపోయిన 110 మంది యువకుల మరణాలను వైద్య పత్రికలో వివరించాడు. ఊపిరాడక పోయిన ప్రాణాలు కావవి. ఇలాంటి వాయువులు మోతాదు మించితే గుండెను అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా మారుస్తాయి. ఆ స్థితిలో భయపడినా, పరుగెత్తినా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు.

పీల్చాలని పీల్చేవాళ్ల సంగతి సరే, పనిలో భాగంగా పీల్చేవాళ్ల మాటేమిటి? ఫ్రాంక్ స్పీజర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఇదే ప్రశ్న వేసుకుని ఒక ఆసుపత్రిలో వెతికారు. ఫ్రోజెన్ సెక్షన్లకు ఫ్రియాన్ రకం స్ప్రేలు వాడే పాథాలజీ విభాగం సిబ్బందినీ, అదే ఆసుపత్రిలోని రేడియాలజీ సిబ్బందినీ పోల్చారు. గుండె దడ వచ్చిందని చెప్పినవాళ్లు పాథాలజీలో మూడు రెట్లకు పైగా ఎక్కువ. స్ప్రే వాడకం పెరిగేకొద్దీ దడ కూడా పెరిగింది. 1975లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ మరుసటి ఏడే స్పీజర్ లక్షకు పైగా నర్సుల ఆరోగ్యాన్ని దశాబ్దాల పాటు వెంటాడిన ప్రసిద్ధ నర్సెస్ హెల్త్ స్టడీని మొదలుపెట్టాడు. పెద్ద అధ్యయనం నీడలో ఈ చిన్నది జనానికి అంతగా కనపడలేదు గానీ, క్రయోస్టాట్ ముందు నిలబడేవాళ్లకు సంబంధించినంత వరకు దీని విలువే ఎక్కువ.

న్యాయంగా ఇంకోమాట కూడా చెప్పాలి. తర్వాత వచ్చిన టెట్రాఫ్లోరోఈథేన్ ఇంత ప్రమాదకరమైనది కాదు. ఉబ్బసం రోగులు నోట్లో పెట్టుకునే ఇన్‌హేలర్లలో మందును నెట్టేది కూడా ఇదే వాయువు. కానీ ఇన్‌హేలర్ విదిల్చేది చిటికెడు. క్రయోస్టాట్‌లో చిమ్మింది గాలికంటే మూడున్నర రెట్లు బరువై, ఆ తొట్టెలోనే అడుగున పేరుకుంటుంది. దాని మీదికే టెక్నీషియన్ వంగేది.

ఫ్రియాన్‌ను గద్దె దింపింది మాత్రం గుండె దడ కాదు, ఆకాశం. 1974లో మొలీనా, రోలాండ్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఈ వాయువుల క్లోరిన్ ఓజోన్ పొరను తినేస్తుందని చెప్పారు. 1987 మాంట్రియల్ ఒప్పందంతో వాటి ఉత్పత్తికి కళ్లెం పడింది. వాటి చోట్లోకి వచ్చిన టెట్రాఫ్లోరోఈథేన్ ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడు కంటే 1,430 రెట్లు ఘనమైనది. 400 గ్రాముల డబ్బా ఒకటి ఖాళీ చేస్తే 570 కిలోల కార్బన్ డయాక్సైడు వదిలినట్టే. కారులో దాదాపు 250 లీటర్ల పెట్రోలు కాల్చితే వచ్చేంత. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో వచ్చిన కిగాలీ సవరణ దీని మీదా గురిపెట్టింది. యూరోపియన్ యూనియన్ 2018 నుంచి ఇలాంటి వాయువులు నింపిన పారిశ్రామిక ఏరోసాల్ డబ్బాలను, కొన్ని మినహాయింపులతో, అమ్మకం నుంచి తప్పించింది. భారత్ 2021లో ఆ సవరణను ఆమోదించింది. ఇక్కడ ఈ వాయువుల వాడకంలో కోత 2032 నుంచి దశలవారీగా మొదలవుతుంది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. వాతావరణానికి మేలు చేసే ప్రత్యామ్నాయాల్లో చౌకవైనవి ప్రొపేన్, బ్యూటేన్, డైమిథైల్ ఈథర్. మొదటి రెండూ వంటింటి సిలిండర్లో ఉండేవే. ఎలక్ట్రానిక్ బోర్డుల్లో లోపాలు వెతకడానికో, బట్టకంటిన చూయింగ్ గమ్ గట్టిపరిచి ఊడదీయడానికో అమ్మే ఫ్రీజింగ్ స్ప్రేలలో ఇవి ఉండే డబ్బాలు ఉన్నాయి. రంగు, ఆకారం అన్నీ పాతవాటిలాగే ఉంటాయి. ఆసుపత్రి కొనుగోలు విభాగం తక్కువ ధరకు వచ్చిందని ఒకదాని బదులు ఇంకొకటి తెప్పిస్తే, అలవాటైన చెయ్యి తేడా గమనించకుండానే మీట నొక్కేస్తుంది.

క్రయోస్టాట్ మూసి ఉన్న పెట్టె. ఫ్యానూ, దీపమూ, థర్మోస్టాటూ, మంచు కరిగించే హీటరూ అన్నీ విద్యుత్తుతోనే నడుస్తాయి. మండే ఆవిర్ల మధ్య పనిచేయడానికి తయారుచేసిన పరికరం కాదది. ప్రొపేన్ గాలిలో రెండు శాతం దాటితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. లోపలి చోటు 100 లీటర్లనుకుంటే, ఆ గీత దాటడానికి రెండు లీటర్ల వాయువు చాలు. ఆ చలిలో దాని బరువు నాలుగైదు గ్రాములు. అంటే కొన్ని సెకన్ల స్ప్రే. పైగా ఇది కూడా గాలికంటే బరువైనదే కాబట్టి పైకి లేచి చెదిరిపోదు. పెట్టెలోపల సమంగా కలవనవసరం లేదు, అడుగున ఒక మూల రెండు శాతం చేరినా సరిపోతుంది. అదే గదిలో రంగులద్దే బల్ల మీద ఆల్కహాలు, జైలీన్ కూడా ఉంటాయన్నది మరచిపోకూడదు.

చిన్న ప్రమాదాలూ లేకపోలేదు. చక్ పట్టుకున్న వేలి మీద స్ప్రే పడితే చర్మం కాలినట్టే దెబ్బతింటుంది. కంట్లో పడితే ఇంకా చెప్పనక్కర్లేదు. ఈ డబ్బాలను 50 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచొద్దని వాటి మీదే రాసి ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలిపిన బండిలో ఆ గీత దాటడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంతా చేసి స్ప్రే వల్ల ఒరిగేది ఎంత? పాథాలజిస్టులు స్లైడులో వెతికేది కణాల ఆకారం. నెమ్మదిగా గడ్డకడితే కణాల్లోని నీరు పెద్ద పెద్ద మంచు స్ఫటికాలై, పొర నిండా బొక్కలు పడతాయి. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవిగా ఉంటాయి, బొమ్మ శుభ్రంగా వస్తుంది. స్ప్రే వేగమైనదే, కానీ దాని వేగం పైపొరకే. పైన రాయి, లోపల మెత్తన. రెండూ వేర్వేరుగా కుంచించుకుని ముక్క పగలవచ్చు. కోత మధ్యలో చిమ్మితే మొదటి పొర ఒక మందాన, రెండోది ఇంకో మందాన వస్తాయి. అతిగా చల్లబడిన ముక్క పెళుసై పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు బొటనవేలితో అదిమి వెచ్చబరచి మళ్లీ కోస్తారు. మిగిలించామనుకున్న నిమిషం అక్కడ ఖర్చవుతుంది.

దారులు వేరే లేకపోలేదు. అన్నింటికంటే సులువైనది క్రయోస్టాట్‌తో పాటే వచ్చే బరువైన లోహపు దిమ్మ. ఎప్పుడూ లోపలే ఉండి చల్లబడి ఉంటుంది. దాన్ని ముక్క మీద ఆనిస్తే వేడిని లాగేస్తుంది, ఏమీ చిందదు. ఒక ముక్కకు వాడాక ఇంకో ముక్కకు అంటించకుండా తుడవాలి, అంతే. చాలా యంత్రాల్లో విద్యుత్తుతో చల్లబడే చిన్న అరుగు కూడా ఉంటుంది. రెండు రకాల లోహాల అతుకులో విద్యుత్తు పారితే ఒకవైపు చల్లబడుతుందని 1834లో ఫ్రాన్సులో పెల్టియే గమనించిన సూత్రమే దానికి ఆధారం. కండరాల బయాప్సీ లాంటి సున్నితమైన పనికి ద్రవ నైట్రోజన్‌తో చల్లార్చిన ఐసోపెంటేన్‌లో ముంచడం పాత, నమ్మకమైన పద్ధతి. నేరుగా ద్రవ నైట్రోజన్‌లో వేస్తే ముక్క చుట్టూ ఆవిరి పొర ఏర్పడి చలిని అడ్డుకుంటుంది. ఐసోపెంటేన్ అలా అడ్డుపడదు. కాకపోతే అది కూడా మండే ద్రవమే, నైట్రోజన్ మూసిన గదిలో ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. ఈ పద్ధతికి గాలి ఆడే గది, శిక్షణ పొందిన చేతులు కావాలి.

కొత్త క్రయోస్టాట్లలో కొన్నింటికి రజనును పీల్చే గొట్టం, అతినీలలోహిత దీపం ఉంటాయి. దీపం వెలుగు సోకినచోట మాత్రమే పనిచేస్తుంది. పేరుకున్న తుక్కు కింద దాక్కున్న క్రిమిని అది తాకలేదు. తుక్కును ముందు ఎత్తిపోయాలి, అదీ బ్లేడు తీసేశాకే.

స్ప్రేకు అలవాటుపడిన ప్రయోగశాలకు లెక్క చెప్పాలంటే ఇంకో రకంగానూ చెప్పవచ్చు. రోజూ పొద్దున మొదటి ఫ్రోజెన్ రాకముందే నాలుగు చక్‌లను లోపల చల్లబరిచి, వాటి మీద జిగురు ద్రవం పలుచటి అడుగుగా పోసి గడ్డకట్టించి ఉంచుకుంటే, ముక్క వచ్చాక పట్టే సమయం చాలావరకు అక్కడే తగ్గిపోతుంది. ముక్కను పలుచగా, కొవ్వు వీలైనంత తీసేసి పెడితే ఇంకా తగ్గుతుంది. అదే ముక్క మీద స్ప్రే కొట్టాక మైక్రోస్కోపులో క్షయ కనిపించిందనుకోండి, యంత్రాన్ని ఆపి, మంచు కరిగేదాకా వదిలి, క్షయ క్రిమిని చంపగల మందుతో లోపలంతా తుడిచి, ఆరబెట్టి, మళ్లీ మైనస్ 20కి దించాలి. ఆ గంటలన్నీ ఆసుపత్రిలో ఫ్రోజెన్ ఉండదు. స్ప్రే కొట్టినప్పుడు గదిలో ఉన్నవాళ్ల పేర్లు రాసుకుని, కొన్ని వారాల తర్వాత క్షయ పరీక్ష చేయించాల్సి ఉంటుంది.